మద్రాసు మగ్గాల ధనికుడు – ఒక అణా ఫలహారం

ఢిల్లీలో రాజకీయం మాట్లాడేవారికి మద్రాసు కార్పొరేషన్ చరిత్రతో పని పడదు. 1990లో మండల్ కమిషన్ సిఫారసుల అమలును ప్రకటించిన నాటి నుంచి రిజర్వేషన్లపై ఇక్కడ జరిగిన ప్రతి వాదంలోనూ అంబేద్కర్ పేరు, పెరియార్ పేరు వినవస్తున్నాయి. 1995 ఆగస్టు 15న కేంద్రం ప్రారంభించిన మధ్యాహ్న భోజన పథకం ప్రస్తావనకు వస్తే కామరాజ్‌ను, ఎం.జి. రామచంద్రన్‌ను తలుచుకుంటారు. ఈ రెండు ప్రవాహాలకూ ఎగువన ఒక తెలుగు వ్యాపారి ఉన్నాడన్న సంగతి పార్లమెంటులోని తెలుగు సభ్యులలో సైతం ఎందరికి గుర్తున్నదో చెప్పలేము. ఆయన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి. మద్రాసులో టి.నగర్ అని అందరూ పిలిచే పేటలో ఆ ‘టి’ ఆయనే.

1852లో దేవాంగ కులంలో, కలిగిన కుటుంబంలో ఆయన జన్మించారు. ఇంటి భాష తెలుగు. తోళ్లు, ఉప్పు, సున్నం, నేత – కుటుంబానికి ఇన్ని వ్యాపారాలు ఉండేవి. 1876లో ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టం పుచ్చుకున్న త్యాగరాయలు గుమాస్తాగిరీకి గాని, వకీలు వృత్తికి గాని పోలేదు. కులవృత్తినే ఆధునిక పరిశ్రమగా మలచదలచి సుమారు వంద మగ్గాలతో నేత కర్మాగారం నడిపారు. విదేశీ కంపెనీల వాణిజ్య మండలికి దీటుగా 1909లో దేశీయ వర్తకులు నెలకొల్పుకున్న సదరన్ ఇండియా వాణిజ్య మండలి స్థాపకులలో ఒకరై, చాలాకాలం దానికి అధ్యక్షత వహించారు.

రాజకీయాలలో ఆయన అడుగుపెట్టింది పెద్ద ద్వారం గుండా కాదు. 1882లో, ముప్పై ఏళ్ల వయస్సున, మద్రాసు కార్పొరేషన్‌లో సభ్యుడయ్యారు. ఆ తరువాత దాదాపు నాలుగు దశాబ్దాలు ఆ సభను విడిచిపెట్టలేదు. కుళాయిలు, మురుగు కాలువలు, దీపాలు, పన్నులు – ఇవీ అక్కడి విషయాలు. కాంగ్రెసు తొలినాళ్లలో ఆ సంస్థతోనూ ఆయనకు సంబంధం ఉండేది. భక్తిపరుడు, ఆలయాలకు ధారాళంగా దానం చేసినవాడు. మైలాపూరు కపాలీశ్వరాలయ కుంభాభిషేకానికి పదివేల రూపాయలు విరాళమిచ్చినా ఆ ఉత్సవ వేదికపైకి ఆయనను రానివ్వలేదనీ, ఆయన వద్ద జీతానికి ఉన్న బ్రాహ్మణ ఉద్యోగి మాత్రం ఆ వేదికపైనే కూర్చున్నాడనీ ఒక కథ మద్రాసులో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. అది జరిగినా జరగకున్నా, డబ్బు కొనిపెట్టలేని మర్యాద ఒకటున్నదని ఆనాటి బ్రాహ్మణేతర ధనికులందరికీ అనుభవమైన మాట మాత్రం నిజం.

కార్పొరేషన్‌లో ఆయనకు ప్రబల ప్రత్యర్థి డాక్టర్ టి.ఎం. నాయర్. ఇద్దరికీ ఏళ్ల తరబడి పొసగలేదు. 1916లో ఇంపీరియల్ శాసనసభ ఎన్నికలో నాయర్ ఓడిపోయారు. డాక్టర్ సి. నటేశ మొదలియార్ మధ్యవర్తిత్వం నెరపి ఈ ఉభయులనూ ఒక చోట చేర్చారు. ఆ ఏడు నవంబరు 20న వేపేరిలో న్యాయవాది ఎతిరాజ మొదలియార్ ఇంట సుమారు ముప్పై మంది ప్రముఖులు సమావేశమై సౌత్ ఇండియన్ పీపుల్స్ అసోసియేషన్‌ను స్థాపించారు. వ్యాపారి బుద్ధి ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది: అది వాటాల కంపెనీగా రిజిస్టరైంది. మూలధనం లక్ష రూపాయలు, వాటా నూరు రూపాయలు. పత్రికలు నడపడం దాని పని. ఇంగ్లీషులో ‘జస్టిస్’, తమిళంలో ‘ద్రావిడన్’, తెలుగులో ‘ఆంధ్రప్రకాశిక’ ఆ ఉద్యమానికి గొంతులైనాయి. ఇంగ్లీషు పత్రిక పేరే చివరికి పార్టీ పేరుగా జనం నోట నిలిచింది.

1916 డిసెంబరులో త్యాగరాయ చెట్టి సంతకంతో వెలువడిన బ్రాహ్మణేతర ప్రకటన ఆయనను వివాదాల నడుమ నిలబెట్టింది. అందులో ఆవేశం కన్నా అంకెలే ఎక్కువ. 1913లో రాజధానిలోని 128 మంది శాశ్వత జిల్లా మునసబులలో 93 మంది బ్రాహ్మణులు. జనాభాలో వారు నూటికి ముగ్గురు. ఈ లెక్కను ఎవరూ కాదనలేకపోయారు. కాని ఆ ప్రకటన అనిబిసెంటు హోంరూల్‌ను వ్యతిరేకించింది. తెల్లదొరల పాలన కొనసాగాలని కోరింది. జాతీయవాదులు దీనిని దేశద్రోహమన్నారు. ఆంధ్రదేశంలోని కాంగ్రెసు పత్రికలకు జస్టిస్ వారు కోటలోని దొరల తొత్తులైనారు. ఇంటి పెత్తనం తేలకుండా పరాయివాడు వెళ్లిపోతే, ఉన్నవాడిదే పెత్తనమవుతుందన్న భయం త్యాగరాయల వాదానికి పునాది. ఆ భయం నిరాధారమని నేటికీ ఎవరూ అనజాలరు. కాని ఆ భయానికి విరుగుడుగా ఆయన ఆశ్రయించిన ప్రభువు మాత్రం స్వలాభం చూసుకోని మధ్యవర్తి కాదు.

1919లో నాయర్ మరణించగా నాయకత్వమంతా ఆయనపై పడింది. 1920 ఎన్నికలను కాంగ్రెసు బహిష్కరించింది. ఎన్నిక జరిగిన 98 స్థానాలలో 63 జస్టిస్ పార్టీకి దక్కాయి. గవర్నరు విల్లింగ్డన్ మంత్రివర్గం ఏర్పాటు చేయమని త్యాగరాయలనే పిలిచారు. అరవై ఎనిమిదేళ్ల ఆ వృద్ధుడు ప్రధానమంత్రి పదవిని వద్దని సుబ్బరాయలు రెడ్డియార్ పేరు సూచించారు. 1921లో రెడ్డియార్ వైదొలగగా పానగల్ రాజా రామారాయణింగారు ఆ స్థానంలోకి వచ్చారు. పదవిని కాలదన్నినవాడు పార్టీ పగ్గాలు మాత్రం చనిపోయేదాకా విడవలేదు. మంత్రులను తెర వెనుక నుంచి నడిపిస్తున్నాడని విరోధులు ఆక్షేపించారు. తెలుగువారికే పెద్దపీట వేస్తున్నారన్న అసంతృప్తి తమిళ సభ్యులలో రాజుకుంది. 1923 నవంబరులో పార్టీ నుంచి చీలినవారితో కలిసి మరో తెలుగువాడైన సి.ఆర్. రెడ్డి అవిశ్వాస తీర్మానం తేగా, 44కు 65 ఓట్లతో ప్రభుత్వం గట్టెక్కింది.

అంతకన్నా లోతైన పగులు 1921లోనే ఏర్పడింది. బకింగ్‌హాం-కర్నాటిక్ మిల్లుల సమ్మెలో ఆది ద్రావిడ కార్మికులు పనిలోకి వెళ్లారు. పులియంతోపులో ఇళ్లు తగలబడ్డాయి, కాల్పులు జరిగాయి. అణగారినవారి పక్షాన నిలవవలసిన జస్టిస్ పత్రిక, కార్మికశాఖ ఆది ద్రావిడులను నెత్తికెక్కించుకున్నదని నిందించింది. వారి నాయకుడు ఎం.సి. రాజా 1923లో పార్టీని విడిచిపెట్టారు. పై మెట్టున ఉన్నవాడిని దిగమన్నవారు కింది మెట్టున ఉన్నవాడికి చోటివ్వలేకపోయారు. త్యాగరాయల చరిత్రలో ఈ మచ్చను కప్పిపుచ్చడం ఆయనకు గౌరవం కాదు.

ఇంత వివాదం నడుమ ఆయన చేసిన అసలు పని మరొక చోట ఉంది. 1919 చట్టం తరువాత మద్రాసు కార్పొరేషన్‌కు ఎన్నికైన తొలి అనధికార అధ్యక్షుడాయన. అంతకు మునుపు ఆ కుర్చీ ఐ.సి.ఎస్. అధికారులది. దొరల ఎదుట సైతం తెల్లని దేశీయ దుస్తులతోనే మెలిగిన ఆయనను తమిళులు ‘వెళ్ళుడై వేందర్’, అనగా తెల్లబట్టల రాజు, అన్నారు. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ పాఠశాలలో పేద పిల్లలు ఆకలితో బడి మానుతున్నారని గమనించి, విద్యార్థికి రోజుకు ఒక అణా మించకుండా ఫలహారం పెట్టే తీర్మానాన్ని 1920 సెప్టెంబరు 16న ఆమోదింపజేశారు. ఆ ఏర్పాటు మరి నాలుగు పాఠశాలలకు వ్యాపించింది. 1922-23లో 811గా ఉన్న పిల్లల సంఖ్య 1924-25 నాటికి 1,671కి పెరిగింది. అయితే ప్రాథమిక విద్యానిధి నుంచి ఆ ఖర్చు పెట్టరాదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో 1925 ఏప్రిల్ 1న అది నిలిచిపోయింది. ఏ దొరతనాన్ని ఆయన జీవితమంతా నమ్ముకున్నారో, ఆ దొరతనమే బడిపిల్లల అణాను ఆపింది. ఆ ఏడే ఆయన కన్నుమూశారు.

మాంబళంలో అప్పుడే కట్టిన కొత్త పేటకు త్యాగరాయనగర్ అని పేరు పెట్టారు. దాని నడుమనే పానగల్ పార్కు. రిపన్ భవనం ఎదుట ఆయన విగ్రహం నిలిచింది. ద్రావిడ ఉద్యమం ఆయనను తన మూలపురుషులలో ఒకరుగా చెప్పుకున్నది. ఆంధ్రోద్యమం మాత్రం మద్రాసు తమదని కొట్లాడినంతకాలమూ ఆ నగరాన్ని నడిపిన ఈ తెలుగువాడిని తనవాడనుకోలేదు. జస్టిస్ ముద్ర అడ్డు వచ్చింది. పొట్ట చేతబట్టుకుని భిలాయి క్యాంప్-1 వంటి చోట్ల స్థిరపడిన తెలుగువారు ఆలోచించదగిన విషయం ఒకటి ఇందులో ఉంది. పరభాషల నడుమ ఆయన నగర నాయకుడైంది తెలుగువారి వాటా అడిగి కాదు, నలభై ఏళ్లు ఊరి కుళాయిని, ఊరి బడిని పట్టించుకొని.

ధనికులు నేరుగా ఢిల్లీ పెద్దల సభలో తేలడం ఇక్కడ వింత కాదు. వార్డు నుంచి మొదలుపెట్టి, చేతికందిన ప్రధానమంత్రి పదవిని కాదన్న ధనికుడు మాత్రం అరుదు. వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది. ఎనభై ఒక్క ఏళ్ల క్రితం మద్రాసు కార్పొరేషన్‌కు ఆ సంగతి ఏ కోర్టూ చెప్పలేదు.