కూలివాని వేషంలో సింహళానికి

వాన ముఖం చాటేసిన ఏడాది మన గార్లదిన్నె వైపు పల్లెలు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు. పెనకచెర్ల జలాశయం దగ్గరే ఉన్నా మెట్టచేలకు ఆకాశమే దిక్కు. వేరుశెనగ ఊడలు దిగే వేళకు నేల బిగుసుకుపోతుంది. అలాంటి ఏళ్ళలో మనకు సాయం చేయడానికి దూరం నుండి ఎందరో వచ్చారు. మన ఇంట చాపమీద కూర్చుని సంగటి తిన్నవారు మనకు గుర్తున్నారు. జీపు దిగకుండా వివరాలు రాసుకుని పోయినవారు గుర్తులేరు. మూడు వందల ఏళ్ళకు పూర్వం మన దేశం నుండే పరాయి దీవికి తనంతట తాను వెళ్ళి, అక్కడివారిలో ఒకడిగా బ్రతికిన గురువు ఒకరున్నారు. ఆయనే పునీత జోసఫ్ వాజ్.

ఆయన 1651 ఏప్రిల్ 21న గోవాలోని బెనౌలిం గ్రామంలో కొంకణి కుటుంబంలో జన్మించారు. 1676లో గురుపట్టం పొంది, కొన్నేళ్ళు కనరా ప్రాంతంలో సేవ చేశారు. పోర్చుగీసు సన్యాస సభలు భారతీయులకు తలుపులు తీయని రోజులవి. కనుక 1685లో గోవాలో భారతీయ గురువులే నడుపుకుంటున్న ఒరటోరియన్ సమాజంలో చేరారు.

అప్పటికే సింహళ తీరం డచ్చివారి వశమైంది. కొలంబో 1656లో, జాఫ్నా 1658లో వారికి చిక్కాయి. వారు కతోలిక గురువులను వెళ్ళగొట్టి, ఆశ్రయమిచ్చేవారిని కఠినంగా శిక్షించారు. దాదాపు ముప్పై ఏళ్ళు అక్కడి విశ్వాసులకు పూజ లేదు, పాపసంకీర్తనం లేదు. తెల్లగురువు ఎవరు దిగినా పట్టుబడడం ఖాయం. వాజ్ గారికి మాత్రం ఆయన ఒంటి రంగే అనుమతి పత్రం!

జాన్ అనే సేవకుని వెంటబెట్టుకుని, మలబారు మీదుగా నడిచి తూత్తుకుడి చేరారు. 1687లో కూలివాని వేషంలో, ఉత్త కాళ్ళతో పడవెక్కి జాఫ్నాలో దిగారు. దిగగానే ఇద్దరికీ విరేచనాలు పట్టుకున్నాయి. దిక్కులేక పడి ఉంటే, ఒక పేదరాలు తెచ్చిపోసిన గంజితో ప్రాణాలు నిలిచాయని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. చూశారా, సాయం చేయవచ్చినవాడే మొదట సాయం పుచ్చుకున్నాడు.

కోలుకున్నాక మెడలో జపమాల వేసుకుని ఇంటింటా భిక్షమెత్తారు. దాన్ని చూసి ఎవరి కళ్ళు చెమ్మగిల్లుతాయో కనిపెట్టడమే ఆయన పని! అలా దొరికినవారి ఇళ్ళలో రాత్రిపూట రహస్యంగా పూజ చేశారు. వారి తమిళమే మాట్లాడారు, వారు పెట్టిందే తిన్నారు.

1692లో కొండల నడుమనున్న కాండీ రాజ్యానికి వెళ్ళారు. పోర్చుగీసు గూఢచారి అని అనుమానించి చెరలో వేశారు. ఆ ఆవరణలోనే చిన్న పాకవేసి పూజ చేసుకున్నారు, సింహళ భాష నేర్చుకున్నారు. ఒకసారి వానలు లేక జనం అల్లాడుతుంటే, బౌద్ధుడైన రాజు విమలధర్మసూర్య ఆయనను ప్రార్థించమని కోరాడనీ, ఆయన మోకరించగానే కుండపోతగా వాన కురిసిందనీ ఒక సంప్రదాయ కథనం ఉంది. కరువు సీమవాళ్ళం, ఈ కథ మనకు నచ్చకేమి!

కానీ నా మటుకు నాకు వానకన్నా పెద్ద విషయం 1697 నాటి మశూచి. జబ్బుపడిన సొంతవాళ్ళనే జనం అడవిలో వదిలి పారిపోయారు. వాజ్ గారు, తోడుకు వచ్చిన మరో గోవా గురువు వెళ్ళి వారికి పాకలు వేశారు, గంజి కాచి పోశారు, పుండ్లు కడిగారు, చనిపోయినవారిని పూడ్చారు. ఎవరిది ఏ మతమని అడగలేదు. ఆ తరువాత ఆయనను అనుమానించడానికి ఎవరికి నోరు వస్తుంది?

గోవా నుండి మరికొందరు గురువులు వచ్చి చేరారు. పీఠాధిపతి పదవి ఇస్తామంటే వాజ్ గారు ఒప్పుకోలేదు. ఇరవై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఇంటిముఖం చూడకుండా, 1711 జనవరి 16న కాండీలోనే కన్నుమూశారు. 1739లో ఆ సింహాసనం మధురై నుండి వచ్చిన నాయక వంశానికి దక్కింది. వారి మూలాలు తెలుగువే సుమా!

1995లో రెండవ జాన్ పాల్ పాపుగారు కొలంబోలో ఆయనను ధన్యునిగా ప్రకటించారు. 2015 జనవరి 14న ఫ్రాన్సిస్ పాపుగారు అదే నగరంలో పునీతునిగా ప్రకటించారు. శ్రీలంకకు ఆయనే మొదటి పునీతుడు. కాండీలో ఆయన సమాధి ఎక్కడుందో మాత్రం వెతికినవారికి దొరకలేదు.