నందలాల్ బోసు గారి కార్డులు

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయమని సంపాదకులు కోరగా నాకు వెంటనే తోచిన పేరు చిత్రకారుడు నందలాల్ బోసు. భారత రాజ్యాంగం మూలప్రతికి బొమ్మలు సమకూర్చినవారుగా ఆయన చాలామందికి తెలుసు. ప్రయాణాలలో ఆయన గీసిన చిన్న కార్డుల సంగతి తెలిసినవారు తక్కువ.

బోసుగారు 1882 డిసెంబరు 3న బీహారులోని ఖరగ్‌పూర్‌లో జన్మించారు. ఇది రైల్వే జంక్షను ఖరగ్‌పూర్ కాదు, ముంగేరు జిల్లాలోనిది. తండ్రి దర్భంగా సంస్థానంలో ఉద్యోగి. తల్లి బొమ్మలు చేయడంలో నేర్పరి. కుర్రవానికి తల్లి విద్యే అబ్బింది. ఇంట్లోవారు కాలేజీలో చేర్పించారు గాని పరీక్షలు గట్టెక్కలేదు. చివరకు వారిని ఒప్పించి కలకత్తా చిత్రకళా పాఠశాలలో చేరి, అవనీంద్రనాథ్ ఠాకూరుకు ప్రియశిష్యులయ్యారు. 1909లో అజంతా వెళ్లి గుహాచిత్రాలకు నకళ్లు తీశారు. 1922 నుంచి 1951లో విరమించే వరకు శాంతినికేతన్ కళాభవన్‌కు అధిపతిగా ఉన్నారు.

ఊరు కదిలితే ఆయన వెంట ఖాళీ కార్డులుండేవి. రాజగిరి వెళ్లినా, పూరీ, గోపాలపూర్ సముద్రతీరాలకు వెళ్లినా, 1924లో రవీంద్రునితో చైనా, జపాను వెళ్లినా చేయి ఊరుకునేది కాదు. ఎడ్లబండి, మేకలు, వల మోసుకుపోయే జాలరి, సంతాలు స్త్రీ, ఇలా కంటపడినదాన్ని నాలుగు గీతల్లో పట్టేవారు. ఆ కార్డునే ఇంటివారికో, మిత్రునికో, శిష్యునికో పంపేవారు. గోపాలపూర్ 1936 వరకు మన మద్రాసు రాజధానిలోనిదే. అక్కడి జాలరులలో చాలామంది తెలుగువారు.

మా సర్వీసులో కార్డు అంటే రిమైండరు, లేదా అర్జీ అందినట్లు జవాబు. ఆయన కార్డు అలా కాదు. తాను చూసినదాన్ని దూరాన ఉన్నవారికి కూడా చూపించడమే దాని పని.

ఇవి కాలక్షేపపు గీతలని కొందరంటారు. నేనొప్పుకోను. గాంధీగారి కోరికపై 1938 హరిపుర కాంగ్రెసు మహాసభకు ఆయన చిత్రాలు వేసినప్పుడు అందులో ఉన్నది రాజులు కారు. రైతు, వడ్రంగి, దూది ఏకేవాడు, డోలు వాయించేవాడు. ముందుగా పల్లెజనాన్ని చూసి గీసుకున్నాకే రంగులు కలిపారు. దారిలో ఎదురైన మనిషిని ఏళ్ల తరబడి కార్డుల మీద గీసిన చేతికే ఆ పని సాధ్యమైంది. తరువాత రాజ్యాంగం పుటలను శిష్యులతో కలిసి అలంకరించినదీ ఆ చేయే.

పదవీ విరమణ తరువాత కూడా గీత ఆగలేదు. 1954లో పద్మవిభూషణ్ లభించింది. 1966 ఏప్రిల్ 16న కన్నుమూశారు. ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళాశాలలో ఆయన కృతులు వేలసంఖ్యలో భద్రమై ఉన్నాయి. వాటిలో చిన్న కాగితాలూ పెద్ద చిత్రాలతో సమానంగా చోటు సంపాదించుకున్నాయి.

పింఛనుదార్లమైన మనకు ప్రయాణమంటే ఎక్కువగా పిల్లల ఇళ్లకు, పాత మిత్రుల ఊళ్లకు. అందరికీ బొమ్మ రాకపోవచ్చు. రైలు కిటికీలోంచి కనిపించిన మనిషిని గురించి రెండు వాక్యాలు వ్రాసి మనవడికి పంపడం మాత్రం అందరికీ వచ్చిన విద్యే.