శ్రీ మల్లికార్జున పండితారాధ్యులు

పండితత్రయములో శ్రీపతి, మంచన పండితుల సరసన పేర్కొనబడు మల్లికార్జున పండితారాధ్యుడు క్రీ.శ. 12వ శతాబ్దమువాడు, బసవేశ్వరునికి సమకాలికుడు. దాక్షారామమున భీమనపండితునకు, గౌరాంబకు జన్మించి, కోటిపల్లి ఆరాధ్యదేవునివలన దీక్ష గైకొనెను. వాదమున నాయనకు సాటి లేరు. చందవోలున వెలనాటి చోడుని సభలో బౌద్ధాచార్యుని ఓడించెననియు, పిదప శిష్యులు ఆ ఆచార్యుని చంపగా రాజు పండితుని కన్నులు తీయించెననియు, శివానుగ్రహమున అవి మరల వచ్చెననియు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రములో వర్ణించెను. మహిమ నటుంచినను, ఆ హత్య మాత్రము బసవన్న బోధించిన దయకు దూరమని చెప్పక తప్పదు.

ఆయన కృతులలో శివతత్త్వసారము ముఖ్యము. అందు నేడు లభించినవి 489 కంద పద్యములు. సంస్కృతమున సాగవలసిన అద్వైతఖండనమును తెనుగున, శివుని ఎదుట నిలిచి మాటాడినట్లు నడిపించుట ఆ కాలమునకు సాహసమే. మన శతకములకు ఇదియే త్రోవ చూపినదని విమర్శకులు తలతురు.

బసవనియందు ఆయనకు అపారమగు భక్తి. అయినను యజ్ఞోపవీతమును, వైదికకర్మను విడువలేదు. భక్తులందరిది ఒకే కులమని బసవన్న. బ్రాహ్మణ్యముతోడనే శివభక్తి అని పండితుడు. ఆరాధ్య సంప్రదాయము వేరుగా నిలిచినది ఈ భేదమువలననే. తుదకు బసవని దర్శింప కల్యాణమునకు బయలుదేరెను గాని, త్రోవలోనే ఆయన లింగైక్యవార్త విని మిగుల దుఃఖించి, దర్శనము కలుగకయే శ్రీశైలాభిముఖుడయ్యెను.