రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్

చెన్నై నుండి కలకత్తాకు పోవు జాతీయ రహదారి నెల్లూరు మీదుగా సాగుచున్నది. ఆ దారిని అనుదినము వేలకొలది కారులు పోవుచుండును. వాని రంగులు వేఱు, రూపములు వేఱు, వెలలు వేఱు. కాని వాని తలుపులను పరికించినచో అన్నియు దాదాపు ఒక్క తీరుననే యుండును. ముందరి అంచున కీళ్లుండును. వెనుకటి అంచు వెలుపలికి తెరచుకొనును. ఇంతకంటె వేఱు విధమైన తలుపును ఎవ్వరును తలపెట్టలేదా? తలపెట్టిరి. పక్షి రెక్కలవలె మీదికి లేచు తలుపులుగల కారు ఒకటి 1954వ సంవత్సరమున లోకమునకు ఆశ్చర్యము గొలిపెను. దానిని రూపొందించిన ఇంజనీరులలో ప్రధానుడు రుడాల్ఫ్ ఊలెన్‌హౌట్. ఆ తలుపు ఎందులకు పుట్టినదో, పిమ్మట ఎందులకు విడువబడినదో తెలిసికొన్నచో ఆయన బుద్ధి యెట్టిదో మనకు బోధపడును.

ఊలెన్‌హౌట్ 1906వ సంవత్సరము జూలై 15వ తేదీన లండను నగరమున జన్మించెను. తండ్రి జర్మను దేశీయుడు. తల్లి ఆంగ్లేయ వనిత. ఆయన మ్యూనికు నగరమున యంత్రశాస్త్రము నభ్యసించి, 1931లో డైమ్లర్-బెంజ్ సంస్థలో చేరెను. మెర్సిడెస్-బెంజ్ అను పేర కారులను నిర్మించునది ఆ సంస్థయే. మొదట ఆయన చేసినవి సామాన్యమైన కారులకు సంబంధించిన పనులు. ఇంజనునకు పెట్రోలును గాలిని తగుపాళ్లలో అందించు కార్బురేటరును సరిచూచుట వానిలో నొకటి.

1936లో ఆ సంస్థవారి పందెపు కారులు పెక్కు పందెములలో ఓడిపోయెను. వానిని చక్కదిద్దు భారము ముప్పదియేండ్ల ఊలెన్‌హౌట్‌పై పడెను. సాధారణముగ ఇంజనీరులు కారు నడుపువారి మాటలు విని లోపములను ఊహించుచుందురు. ఊలెన్‌హౌట్ అట్లు తృప్తి చెందలేదు. తానే పందెపు కారునెక్కి, కొండల నడుమ మలుపులు తిరుగు నూర్బర్గ్‌రింగ్ మార్గమున అతివేగముగ నడిపి చూచెను. అప్పుడాయనకు వ్యాధి మూలము తెలిసెను. కారు చట్రము బలహీనమై వంగుచుండెను. దాని స్ప్రింగులో మిక్కిలి బిగువుగ నుండెను. అందుచే చక్రములు నేలను విడిచి ఎగురుచుండెను. చట్రమును గట్టిపఱచి, స్ప్రింగులను మెత్తపఱచినచో కారు దారిని విడువదని ఆయన నిశ్చయించెను. ఆ పద్ధతిని నిర్మించిన కారుతో 1937లో రుడాల్ఫ్ కరాచియోలా ఐరోపా విజేత యయ్యెను. చోదకులతో సమానముగ నడుపగల నేర్పు ఉండియు ఊలెన్‌హౌట్ తాను పందెములలో పాల్గొనలేదు.

తరువాత రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. కర్మాగారములు శిథిలములయ్యెను. 1951లో డైమ్లర్-బెంజ్ వారు మరల పందెములకు దిగ నిశ్చయించిరి. కాని క్రొత్త ఇంజనును చేయుటకు వలసిన ధనముగాని కాలముగాని లేకుండెను. పెద్దమనుష్యులు ఎక్కి తిరుగు 300 అను బరువైన కారునకు అమర్చిన ఇంజనునే వాడుకొనవలసి వచ్చెను. ఇంజను బరువు తగ్గదు. కావున తక్కినదంతయు తేలిక కావలెను. తేలికయైనను చట్రము వంగరాదు. ఇది ఊలెన్‌హౌట్ ఎదుట నిలిచిన చిక్కు.

పెండ్లిపందిరి వేయువారు నిలువు రాటకును అడ్డకఱ్ఱకును నడుమ ఒక కఱ్ఱను ఏటవాలుగ కట్టుదురు. దానిచే పందిరి ప్రక్కకు ఒరిగిపోక నిలుచును. నాలుగు కఱ్ఱలతో చేసిన చతురస్రమును త్రోసినచో అది ఒరిగిపోవును. మూడు కఱ్ఱల త్రిభుజము ఒరుగదు. ఊలెన్‌హౌట్ ఈ సూత్రమునే ఆశ్రయించెను. సన్నని ఉక్కు గొట్టములను త్రిభుజములుగ అతికి చట్రమును కట్టించెను. గొట్టములు ఒత్తిడికిని లాగుడుకును లోనగును గాని వంగవు. ఆ చట్రము సుమారు 50 కిలోగ్రాముల బరువు మాత్రమే తూగెను. ఒక బడిపిల్లవాని బరువంత చట్రము అంత పెద్ద ఇంజనును మోసెనన్నమాట.

అయితే ఈ లాభమునకు ఒక వెల చెల్లింపవలసి వచ్చెను. త్రిభుజముల వరుస కారునకు ఇరుప్రక్కలను కూర్చుండువాని మోచేతి యెత్తు దాక లేచి యుండెను. మామూలు తలుపు పెట్టవలెనన్నచో గొట్టములను కోయవలెను. కోసినచో చట్రము బలము పోవును. గడప అంత యెత్తుగ నున్న ఇంటికి ద్వారమెక్కడ? ఊలెన్‌హౌట్ బృందమువారు గొట్టములను ముట్టక, కీళ్లను పైకప్పునకు బిగించి, తలుపును మీదికి తెఱచిరి. రెండు తలుపులును తెఱచినప్పుడు కారు, గల్ అను సముద్రపక్షి రెక్కలు చాచినట్లు కనబడెను. శీతకాలమున పులికాటు సరస్సుపై ఆ జాతి పక్షులను చూచినవారికి ఈ పోలిక చక్కగ తెలియును. ఆ తలుపులకు ఆ పక్షి పేరే నిలిచెను.

పందెపు నియమములలో కారునకు తలుపులుండవలెనని యుండెను గాని, అవి ఏ దిక్కునకు తెరచుకొనవలెనో చెప్పియుండలేదు. 1952లో ఈ కారు ఇటలీ దేశపు మిల్లె మిల్యా పందెమున రెండవ స్థానమును పొందెను. అప్పటికి తలుపు కిటికీయంతయే. చోదకుడు దూరి లోనికి దిగవలసి యుండెను. తరువాత దానిని క్రిందికి కొంత పెంచిరి. ఆ జూనులో ఫ్రాన్సు దేశమున లె మాన్స్ అనుచోట ఇరువదినాలుగు గంటల పందెమున మొదటి రెండు స్థానములును ఈ కారులకే దక్కెను. నవంబరులో మెక్సికో పందెమున ఒక రాబందు వచ్చి ముందు అద్దమును పగులగొట్టి లోపలనున్న సహాయకుని గాయపఱచెను. అయినను కార్ల్ క్లింగ్ ఆ పందెమును గెలిచెను.

అమెరికాలో విదేశపు కారులను అమ్ముచుండిన మాక్స్ హోఫ్‌మన్ ఇట్టి కారు తనకు కావలెనని పట్టుపట్టెను. 1954 ఫిబ్రవరిలో న్యూయార్కు ప్రదర్శనమున ‘300 ఎస్.ఎల్.’ వెలువడెను. 1957 వఱకు ఇట్టివి 1,400 నిర్మింపబడెను. వీరులు పందెమున ఓర్చుకొనిన కష్టములను ఇప్పుడు కొనువారు ఓర్చుకొనవలసి వచ్చెను. గడప ఎత్తును వెడల్పును తగ్గలేదు. ముందు దానిపై కూర్చుండి, పిదప కాళ్లను ఎత్తి లోనికి తిప్పుకొనవలెను. చీర కట్టిన స్త్రీకిగాని, పంచె కట్టిన వృద్ధునకుగాని ఆ పని ఎంత కష్టమో ఊహింపవచ్చును. చోదకుడు దూరుటకై స్టీరింగు చక్రమును మడుచునట్లు అమర్చిరి. తలుపులో చోటు చాలక కిటికీ అద్దము క్రిందికి దిగదు; గాలి కావలసినచో అద్దమును ఊడదీసి సీటు వెనుక దాచుకొనవలెను. వేసవిలో నెల్లూరి ఎండ నెఱిగినవారికి ఈ బాధ వేఱుగ చెప్పనక్కఱలేదు. వానలో తలుపెత్తినచో కప్పుపై నీరు సీటుపై కారును. ఇఱుకు సందులో ఈ తలుపు మేలే. కాని తక్కువ యెత్తు పాకలో అది పూర్తిగ లేవదు.

వీనియన్నిటికంటె పెద్ద లోపము వేఱొకటి. కారు తలక్రిందులైనచో కప్పు నేలకానును. అప్పుడు మీదికి లేవవలసిన తలుపు తెరచుకొనదు. లోనివారు ముందు అద్దముగుండ బయటపడవలసినదే. తలుపునకు మూడు ధర్మములు కలవు: మనుష్యుని లోనికి రానిచ్చుట, ప్రయాణమున వానిని లోపల కాపాడుట, ఆపద వచ్చినప్పుడు వానిని బయటకు విడుచుట. రెక్కల తలుపు ఈ మూడవ ధర్మమున లోపించెను.

1955 జూన్ 11వ తేదీన లె మాన్స్ పందెమున ఘోరమైన ప్రమాదము జరిగెను. ఒక మెర్సిడెస్ కారు ఎగిరి జనముపై పడగా ఎనుబదిమందికి పైగా మరణించిరి. సంస్థవారు ముందంజలో నున్న తమ తక్కిన కారులను ఆ రాత్రియే పందెమునుండి విరమింపజేసిరి. ఆ యేటి చివర పందెములనే మానిరి. మఱుసటి సంవత్సరపు పందెములకై ఊలెన్‌హౌట్ రెక్కల తలుపులతో చేయించిన రెండు కారులు పందెమునకు దిగకయే యుండిపోయెను. వానిలో నొకదానిని ఆయన తన ఉద్యోగ ప్రయాణములకు వాడుకొనెను.

1957లో 300 ఎస్.ఎల్. క్రొత్త రూపమున వచ్చెను. దానికి ఊడదీయదగిన పైకప్పు ఉండవలెనని కొనువారు కోరిరి. కప్పు లేనిచోట రెక్కకు కీలు ఎక్కడ? ఈసారి చట్రమునే మార్చి, ప్రక్కలనున్న గొట్టములను క్రిందికి దింపిరి. గడప తగ్గెను, తలుపులు అందఱి కారులవలె ప్రక్కకు తెరచుకొనెను. బరువు కొంత పెరిగెను. లోకమంతయు మెచ్చినది గదా యని రెక్కలను పట్టుకొని వ్రేలాడలేదు. 1963 వఱకు ఇట్టివి 1,858 నిర్మింపబడెను. 1959లో అదే సంస్థ వెలువరించిన సామాన్యమైన కారునకు, గుద్దుకొన్నప్పుడు తెరచుకొనక నిలుచు క్రొత్త విధమైన తలుపు తాళములను అమర్చిరి. చూచుటకు వానిలో వింత యేమియు లేదు. కాని ప్రాణములను కాపాడునవి అట్టివే.

ఊలెన్‌హౌట్ 1972లో ఉద్యోగ విరమణము చేసి, 1989 మే 8వ తేదీన స్టుట్‌గార్ట్ నగరమున మరణించెను. 2010లో ఆ సంస్థ మరల రెక్కల తలుపుల కారును విక్రయించినప్పుడు, కారు బోర్లపడినచో కీళ్లను ప్రేల్చి తలుపులను విడదీయు బోల్టులను దానికి అమర్చెను. ఊలెన్‌హౌట్ పేరనే పిలువబడు రెండు కారులలో నొకటి 2022లో 13 కోట్ల 50 లక్షల యూరోలకు అమ్ముడుపోయెను. ఆ ధనము యువకుల విద్యార్థి వేతనములకు వినియోగింపబడునని సంస్థ ప్రకటించెను.

బాలలారా! క్రొత్త వస్తువును చూచినప్పుడు దాని సొగసునకు మురియుట సహజము. మురిసిన పిదప రెండు ప్రశ్నలు వేసికొనుడు. ఇది ఏ అవసరమున పుట్టినది? ఆ అవసరము తీరిన పిమ్మటను దీని కష్టమును మోయవలసినదేనా? ఊలెన్‌హౌట్ తన పనిలో ఈ రెండు ప్రశ్నలను విడువలేదు. మొదటి ప్రశ్నకు సమాధానముగ రెక్కల తలుపు పుట్టెను. రెండవ ప్రశ్నకు సమాధానముగ అది ప్రక్కకు తొలగెను.