యల్లాప్రగడ ఏటీపీ.. మీ స్టెంట్ మాత్ర

ఫోలిక్ యాసిడ్ అనగానే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. రక్తం గడ్డకట్టడం అన్నప్పుడు మాత్రం ఆయన్ను ఎవరూ తలుచుకోరు. స్టెంట్ వేయించుకున్నవారు రోజూ మింగే క్లోపిడోగ్రెల్ మాత్ర ఏం చేస్తుందో తెలియాలంటే ఆయన కథ నుంచే మొదలుపెట్టాలి.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆయన సోదరులిద్దరిని రోజుల తేడాలో పొట్టనబెట్టుకుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. దాంతో ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మామగారి సాయంతో, కాకినాడ ధర్మసంస్థ ఆసరాతో అమెరికా చేరారు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో శరీరంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1929లో కండరాల నుంచి ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నారు. కణాల రోజువారీ ఖర్చుకు చిల్లర లాంటిది ఏటీపీ. అందులోని మూడు ఫాస్ఫేట్లలో ఒకటి ఊడితే మిగిలేది ఏడీపీ. ప్లేట్‌లెట్లను గుంపుకట్టించేది ఈ ఏడీపీయేనని 1961లో నార్వే శాస్త్రవేత్తలు తేల్చారు.

రక్తనాళం తెగినచోట వాన్ విల్లబ్రాండ్ అనే ప్రొటీన్ అతుక్కుని, ప్రవాహంలో పోతున్న ప్లేట్‌లెట్లను పట్టి ఆపుతుంది. ఆగిన ప్లేట్‌లెట్ తనలో దాచుకున్న ఏడీపీని వదులుతుంది. అది పక్క ప్లేట్‌లెట్ల పైనున్న పీ2వై12 అనే గ్రాహకంలో కూర్చుంటుంది. దాంతో వాటి ఉపరితలం మీది జీపీ 2బీ-3ఏ అనే ప్రొటీన్ విచ్చుకుంటుంది. రక్తంలోని ఫైబ్రినోజెన్ వచ్చి దానికి తగులుకుంటుంది. గడ్డకట్టించే కారకాల్లో ఒకటో నంబరు దీనిదే. ఒక కొస ఈ ప్లేట్‌లెట్‌ను, మరో కొస పక్కదాన్ని పట్టుకోవడంతో గడ్డ తయారవుతుంది.

కొడవలి తెగినప్పుడు మనల్ని కాపాడేది ఇదే. గుండె రక్తనాళంలో కొవ్వు పూడిక చిట్లినచోటో, కొత్త స్టెంట్‌లోనో జరిగితే గుండెపోటు తెచ్చేదీ ఇదే. క్లోపిడోగ్రెల్ పీ2వై12 తలుపు మూసేస్తుంది. ఆ ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ, అంటే వారం పది రోజులూ, అది మూసే ఉంటుంది. కానీ కొత్త ప్లేట్‌లెట్లు రోజూ పుడుతుంటాయి. మాత్ర ఆపితే వాటి తలుపులు తెరిచే ఉంటాయి.

హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వకపోవడంతో సుబ్బారావు 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, ఆరియోమైసిన్, అమినోప్టెరిన్ ఆయన నాయకత్వంలోనే సాధ్యమయ్యాయి. 1948 ఆగస్టులో గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. అప్పటికి స్టెంట్లు లేవు, క్లోపిడోగ్రెల్ లేదు.

ఇప్పుడవి మన గుంటూరు, ప్రకాశం పల్లెలకూ అందాయి. అయినా పన్ను పీకించుకోవాలనో, గడ్డం గీసుకుంటే రక్తం త్వరగా ఆగలేదనో, పత్తితీతలు, మిరపకోతల హడావిడిలో తెచ్చుకోవడం కుదరలేదనో మాత్ర మానేసి గుండెనొప్పితో వచ్చేవారున్నారు. స్టెంట్ వేసిన తొలి నెలల్లో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. మలం నల్లగా వచ్చినా, రక్తం ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి రండి. పన్ను తీయించుకోవాలన్నా, ఆపరేషన్ అన్నా ముందు గుండె డాక్టర్‌ను అడగండి. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు. పనుల రోజులు మొదలయ్యేలోపే నెలకు సరిపడా తెచ్చి ఇంట్లో పెట్టుకోండి.