రాబర్ట్ బన్సెన్: పేలుడులో కన్ను పోయినా మంటను వదల్లేదు.. ల్యాబ్‌లో నీలి మంట వెనకున్న కథ ఇదీ!

ఇంటర్‌లో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేసినవాళ్లకు బన్సెన్ బర్నర్ గుర్తుండే ఉంటుంది. కింద గ్యాస్ ట్యూబ్, పైన నీలి మంట. కానీ ఆ బర్నర్ తయారయ్యేనాటికే దాని వెనకున్న మనిషికి ఒక కంటిచూపు లేదన్న సంగతి చాలామందికి తెలియదు.

రాబర్ట్ బన్సెన్ 1811 మార్చి 30న జర్మనీలోని గోటింగెన్‌లో పుట్టారు. కుర్రతనంలోనే కాకోడిల్ అనే ఆర్సెనిక్ పదార్థాలపై పరిశోధనకు దిగారు. దుర్వాసన, విషం, ఉన్నట్టుండి పేలే గుణం.. అన్నీ ఉన్నాయి వాటికి. ఓ రోజు పేలనే పేలింది. గాజు ముక్క కుడి కంట్లో దిగి చూపు పోయింది. ఆర్సెనిక్ ఒంట్లోకి ఎక్కి చావు అంచుదాకా వెళ్లొచ్చారు. విచిత్రం ఏంటంటే, ఆర్సెనిక్ విషానికి విరుగుడును 1834లో డాక్టర్ బెర్తోల్డ్‌తో కలిసి కనిపెట్టింది కూడా ఈయనే!

ఇంకొకరైతే ల్యాబ్ వైపు చూసేవారు కాదేమో. బన్సెన్ మాత్రం ఇనుము కరిగించే కొలుముల దగ్గరికి వెళ్లారు. కొలిమి పైనుంచి పోయే గ్యాస్‌ను పట్టి పరీక్షించారు. అందులో ఎక్కువ భాగం నైట్రోజన్. దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్, కాస్త హైడ్రోజన్. ఇప్పటి ఇంజనీర్ల భాషలో చెప్పాలంటే పలచబడ్డ సిన్‌గ్యాస్ అన్నమాట. 1845లో ఇంగ్లండ్‌లో ప్లేఫెయిర్‌తో కలిసి లెక్క తీస్తే, అక్కడి కొలుముల్లో బొగ్గు వేడిలో 80 శాతానికి పైగా గాలిలో కలిసిపోతోందని తేలింది. ఆ గ్యాస్‌ను మళ్లీ మండించి వాడుకోవచ్చని ఇద్దరూ చెప్పారు.

ఇక బర్నర్ సంగతి. 1855లో హైడెల్‌బర్గ్ యూనివర్సిటీ కొత్త ల్యాబ్‌కు బొగ్గు గ్యాస్ లైన్ వచ్చింది. మసి లేని మంట కావాలి. గ్యాస్, గాలి ముందే కలిసి తర్వాత మండాలన్నది బన్సెన్ ఆలోచన. పరికరం చేసిపెట్టింది ల్యాబ్ మెకానిక్ పీటర్ డెసాగా. పేరంతా బన్సెన్‌కే వెళ్లింది కానీ డెసాగా చేతిపని లేకపోతే ఆ బర్నర్ లేదు. బన్సెన్ పేటెంట్ కూడా తీసుకోలేదు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. గొట్టంలో గ్యాస్ పైకి వస్తుంటుంది. మంటేమో కాలని గ్యాస్‌ను తినుకుంటూ కిందికి దిగాలని చూస్తుంది. గ్యాస్ జోరు మరీ ఎక్కువైతే మంట ఎగిరిపోతుంది, తగ్గితే గొట్టంలోకి దూరుతుంది. ఆ దూరే క్షణాన్నే బన్సెన్ కొలతగా మార్చేశారు. గ్యాస్ వేగం తగ్గిస్తూ పోయి, మంట లోపలికి జారినప్పటి వేగాన్ని లెక్కగట్టారు. 1867 నాటికి ఆయనకు వచ్చిన అంకెలివి.. ఆక్సిజన్‌తో హైడ్రోజన్ మంట సెకనుకు 34 మీటర్లు, కార్బన్ మోనాక్సైడ్ మంట ఒక్క మీటరు కూడా లేదు. సిన్‌గ్యాస్‌లో ఉండేది ఈ రెండే. హైడ్రోజన్ పెరిగితే మంట ఉరుకుతుంది. నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కలిస్తే నెమ్మదిస్తుంది. ఈ రెండింట్లో కార్బన్ డయాక్సైడ్ దెబ్బే ఎక్కువ.

అదే మసిలేని మంట ముందు కిర్కాఫ్‌తో కలిసి 1860లో సీజియం, మరుసటి ఏడాది రుబీడియం మూలకాలను పట్టుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. 1889 దాకా పాఠాలు చెప్పి, 1899 ఆగస్టు 16న హైడెల్‌బర్గ్‌లోనే కన్నుమూశారు. సిన్‌గ్యాస్ మంట వేగం తేల్చడానికి ఇప్పటికీ చాలా ల్యాబ్‌ల్లో బన్సెన్ మంటనే వెలిగించి, ఆ నీలి శంకువు కోణాన్ని కొలుస్తున్నారు.