బొగ్గు బండ్ల కూడలిలో తొలి భారతీయ బిషప్

గోదావరిఖని: రామగుండం ప్రాంతంలో 1960వ దశకం ఆరంభంలో గనులు తెరుచుకోవడానికి అర్ధశతాబ్దం ముందు సింగరేణి అంటే ఇల్లెందు పరిసరాలే. అక్కడి బొగ్గును మోసుకొచ్చే శాఖా రైలు మార్గం ప్రధాన మార్గంలో కలిసే చోటు డోర్నకల్. నేటి మహబూబాబాద్ జిల్లాలోని ఆ చిన్న ఊరికి 1909లో ఒక తమిళుడు భార్యాబిడ్డలతో వచ్చి గుడారంలో కాపురం పెట్టారు. మూడేళ్లు తిరిగేసరికి ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవి పొందిన తొలి భారతీయుడిగా చరిత్రకెక్కారు. ఆయనే వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై గ్రామంలో 1874 ఆగస్టు 17న ఆయన జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గ్రామ గురువు. బాల్యంలోనే తండ్రి మరణించగా తల్లి క్రమశిక్షణలో పెరిగారు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో చదివినా పట్టా మాత్రం చేతికందలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి దక్షిణాదిలోని ఊరూరా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. దక్షిణ భారత క్రైస్తవ మహిళల్లో కళాశాల మెట్లెక్కిన తొలితరానికి చెందిన విద్యావతి ఆమె.

జాఫ్నాలో మలుపు

1902లో సింహళ ద్వీపంలోని జాఫ్నాకు చేసిన ప్రయాణం ఆయన జీవితాన్ని మార్చింది. బోధించడానికి వెళ్లిన యువకుడు అక్కడ తానే పాఠం నేర్చుకున్నారు. జాఫ్నాలోని తమిళ క్రైస్తవులు సంఖ్యలో తక్కువైనా సొంత సొమ్ముతో ఇతర ప్రాంతాలకు సేవకులను పంపుతున్నారు. అంతకంటే ఎంతో పెద్దదైన తిరునల్వేలి సంఘం మాత్రం విదేశీ మిషనరీల మీదే ఆధారపడి కూర్చుంది. ఆ సిగ్గు ఆయనను నిద్రపోనివ్వలేదు. మరుసటి ఏడాది 1903 ఫిబ్రవరిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. మనుషులు, డబ్బు, పెత్తనం మూడూ భారతీయులవే కావాలన్నది దాని నియమం. నిజాం రాజ్యంలోని మానుకోట ప్రాంతాన్ని తొలి సేవాక్షేత్రంగా ఎంచుకుంది. భాష, పాలన రెండూ వేరైన ఈ నేల తిరునల్వేలి వాసికి పరదేశమే.

ఇతరులను పంపి తాను పట్నంలో ఉండటం అజరయ్యకు నచ్చలేదు. వై.ఎం.సి.ఏ. ఉద్యోగం వదిలి గురుపట్టం స్వీకరించారు. ముప్పై అయిదో ఏట తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు. పామరుల మాటలో బోధించేంత పట్టు సాధించారు.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. తెల్లదొరలు నిండిన ఆ సభలో ఆయన చేసిన ప్రసంగం కలకలం రేపింది. మిషనరీల త్యాగాన్ని, దాతృత్వాన్ని ఆయన కాదనలేదు. అయితే భారతీయ సహచరుడితో చేయి కలిపి, ఒక బల్ల వద్ద కూర్చుని, సమానుడిగా మెలగే స్నేహం వారిలో కొరవడిందని ముఖం మీదే చెప్పారు. కొందరు మెచ్చుకున్నారు, మరికొందరు నొచ్చుకున్నారు. ఒక నల్లవాడు బిషప్ కావడం తెల్ల మిషనరీలలో పలువురికి రుచించలేదు. స్వదేశీ క్రైస్తవుల్లోనూ కులం పేరిట అభ్యంతరాలు లేచాయి. అయినా మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టు వదలలేదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కెథడ్రల్‌లో అభిషేకం జరిగింది.

మాలమాదిగ పల్లెల్లో

బిషప్ అయ్యాక ఆయన అసలు పని మొదలైంది. ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెపల్లెకూ వెళ్లేవారు. ఆయన శ్రోతలలో అధికులు ఊరి బయట బతికే మాలమాదిగ కూలీలు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను తరమకుండా బాప్తిస్మం ఒక్కటీ చాలదని ఆయన బోధించేవారు. డోర్నకల్ శిక్షణాలయంలో ఉపదేశకులతోపాటు వారి భార్యలకూ చదువు చెప్పించారు. పాఠాలతో పాటు పొలం పని కూడా తప్పనిసరి. కోలాటాలు, తెలుగు కీర్తనలు, పంట పండుగలు ఆరాధనలోకి వచ్చాయి. 1920 తర్వాత కృష్ణా ప్రాంతం కూడా చేరడంతో అధ్యక్ష మండలం విస్తరించింది. 1935 నాటికి 250 మంది భారతీయ గురువులు, రెండు వేలకు పైగా గ్రామోపాధ్యాయులు దాని కింద పనిచేశారు.

ఆయనకు అన్నింటా విజయం దక్కలేదు. మాలలు, మాదిగలు ఒకే పాత్రలో ప్రభువు బల్ల పుచ్చుకోవడానికి వెనుకాడిన చోట్లు ఉన్నాయి. కులాన్ని గుడి గడప దాటనివ్వకూడదని ఆయన జీవితాంతం పోరాడారు. కానీ గడప లోపలే అది తలెత్తుతూ వచ్చింది. సామూహిక మతాంతరాలపై 1930వ దశకంలో గాంధీజీ చేసిన విమర్శ మరో పరీక్ష. అజరయ్య వెనక్కి తగ్గలేదు. అదే సమయంలో, క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని కూడా ఆయన గట్టిగా వాదించారు. రాజకీయ లాభం కోసమే మతం పెంచుతున్నారన్న నిందకు ఇంతకు మించిన జవాబు లేదనే చెప్పాలి.

డోర్నకల్‌లో ఎపిఫనీ కెథడ్రల్ నిర్మాణానికి ఏళ్లు పట్టింది. ఆలయ స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలగలిసిన ఆ కట్టడాన్ని 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. దక్షిణాది సంఘాలన్నీ ఒక్కటి కావాలన్న ఆశయంతో 1919లో తరంగంబాడిలో మొదలైన చర్చలకు ఆయన మూలస్తంభంగా నిలిచారు. వాటి ఫలితం చూడకుండానే 1945 జనవరి 1న డోర్నకల్‌లో జ్వరంతో కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆవిర్భవించింది.